వర్జ్యానికి ముందు వెలగాల్సిన బర్నర్

ఖమ్మం జిల్లాను విడదీసి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చేసిన మరుసటి ఏడాది జూన్‌లో, చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఒక పామాయిలు మిల్లుకు నన్ను కమిషనింగ్ ఇంజనీరుగా పంపారు. కమిషనింగ్ అంటే మేం తయారుచేసిన యంత్రాన్ని కొన్నవారి దగ్గర బిగించి, నడిపి చూపించి, వారి మనుషులకు నేర్పి, అప్పగించి రావడం. మాది హైదరాబాదులో బాయిలర్లకు, ఫర్నేసులకు బర్నర్లు చేసే కంపెనీ. నేను అందులో సీనియర్ ఇంజనీరును, రిటైర్మెంటు దగ్గరపడిన మనిషిని. మా ఊరు ముదిగొండ పక్కన కాబట్టి "మీ ఏరియానే కదా మేడమ్, మీరే వెళ్లండి" అన్నారు. ముదిగొండకూ ఆ అడవికీ మధ్య ఎంత దూరముందో ఆ మాట అన్నవాళ్లు మ్యాపులో కూడా చూసి ఉండరు.

పామాయిలు మిల్లులో ముందు గెలలను ఆవిరిలో ఉడికిస్తారు. ఆవిరి లేనిదే అక్కడ ఏ పనీ మొదలు కాదు. నూనె తీశాక మిగిలే చిక్కటి మురుగునీరు పెద్ద గుంటల్లో చేరి, కుళ్లి, వాయువు పుట్టిస్తుంది. ఇన్నాళ్లూ ఆ వాయువు గాలిలో కలిసి చుట్టుపక్కల ఊళ్లకు కంపు కొట్టించేది. ఇప్పుడు గుంట మీద షీటు కప్పి, ఆ బయోగ్యాసును పట్టి, ఒక కొత్త చిన్న బాయిలర్‌లో మండించాలని మిల్లువారు అనుకున్నారు. అయితే బయోగ్యాసు వంటగ్యాసులా ఒక్క తీరుగా ఉండదు. ఒకరోజు ఘాటుగా వస్తుంది, ఒకరోజు పలచగా వస్తుంది, ఎప్పుడూ తడిగానే వస్తుంది. మామూలు బర్నర్‌లో దాని మంట నిలవదు.

నిలిచేలా చేయడానికి నేనూ మా డిజైన్ విభాగమూ కొన్నేళ్లు కుస్తీ పట్టాం. మా కొత్త బర్నర్‌లో గ్యాసు రెండు వలయాలుగా బయటికి వస్తుంది. గాలి వంపు తిరిగిన రెక్కల మధ్య నుంచి సుడి తిరుగుతూ వచ్చి, లోపలి వలయం దగ్గర ఒక చిన్న మంటను కదలకుండా పట్టి ఉంచుతుంది. గ్యాసు పలచబడినా బయటి మంట ఆ చిన్న మంట నుంచే అంటుకుంటూ ఉంటుంది. పొగ రాదు, ఇంధనం వృథా కాదు. ఆ బర్నర్ మీద నాకు గర్వం ఉండేది, దాచుకోను.

ఎంత మంచి బర్నర్ అయినా వెలిగించే ముందు పర్జింగ్ చేయాలి. బాయిలర్ కొలిమిలో మండని గ్యాసు మిగిలి ఉన్నప్పుడు నిప్పురవ్వ పడితే అదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. దాన్ని మండటం అనరు, పేలడం అంటారు. అందుకని ముందు ఫ్యాను కొన్ని నిమిషాలపాటు గాలి ఊది, లోపల ఉన్నదాన్నంతా పొగగొట్టంలోంచి బయటికి తోసేయాలి. తర్వాత పైలట్ అనే చిన్న మంట వెలగాలి. అది నిలిచాకే అసలు గ్యాసు వాల్వు తెరుచుకోవాలి. ఈ వరుస తప్పకుండా చూసే టైమరు ప్యానెల్ పెట్టెలో ఉంటుంది. మంట నిలవకపోతే బర్నర్ తనంతట తాను ఆగిపోయి ఎర్రదీపం వెలిగిస్తుంది. మనిషి వచ్చి, ఎందుకు ఆగిందో కనుక్కోవడానికే ఆ దీపం.

మిల్లులో నాకు పని పడింది ఇద్దరితో. ఒకరు ప్లాంట్ మేనేజర్ చలపతి. కోస్తాలో ఏదో చక్కెర మిల్లులో చేసి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు, బాయిలర్ గదిలోకి అడుగు పెట్టడు. రెండో అతను బాయిలర్ అటెండెంట్ కొమురయ్య. తండ్రి ఇల్లెందు గనుల్లో పనిచేసి రిటైరయ్యాడు. కొమురయ్యకు అటెండెంట్ సర్టిఫికెట్ ఉంది, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. దసరాకు పర్మినెంట్ చేస్తామని మిల్లువారు చెప్పారట. నేను నేర్పినన్ని రోజులూ శ్రద్ధగా నేర్చుకున్నాడు. పర్జింగ్ ఎందుకో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు.

ప్రారంభోత్సవం పెట్టారు. మిల్లు యజమాని సత్తుపల్లి వైపు పెద్ద రైతు. అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు. ముహూర్తం భద్రాచలం పంతులుగారు పెట్టారు. ఆ ముహూర్తం దాటితే వర్జ్యం. ఆ లోపు పెద్దాయన బటన్ నొక్కాలి, మంట రావాలి. ప్రారంభోత్సవం కోసం పాత బాయిలర్‌ను ఆపేశారు, గేటు బయట గెలల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కోసిన గెలలు నిలవ ఉంటే నూనె పాడవుతుంది కాబట్టి రైతులు అప్పటికే గొణుగుతున్నారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, బటన్ చుట్టూ పూలు కట్టారు. అంతవరకు నాకేం అభ్యంతరం లేదు. ఫ్యాను గాలి పీల్చుకునే జాలీకి కూడా బంతిపూల దండలు అల్లేశారు. వాటిని నేనే తెంపి పారేశాను. అలంకరణ చేసినవాళ్లు నన్ను పిశాచాన్ని చూసినట్టు చూశారు.

పొద్దున గ్యాసు గుంట దగ్గర ఒత్తిడి చూసి వద్దామని వెళ్లాను. నేను అటు వెళ్లగానే చలపతి రిహార్సల్ పెట్టించాడు. పెద్దాయన బటన్ నొక్కాక ఫ్యాను నిమిషాల తరబడి ఊదుతూ ఉంటే చూసేవాళ్లకు బాగుండదట. బటన్‌కూ మంటకూ మధ్య ఎడం ఉండకూడదట. టైమరు తగ్గించమని కొమురయ్యకు చెప్పాడు. కొమురయ్య తగ్గించాడు. తడి గ్యాసు కాబట్టి పైపు లైనులో నీరు చేరి ఉంది. పైలట్ వెలిగింది, అసలు గ్యాసు తన్నుకుంటూ వచ్చింది, మంట ఆరిపోయింది, ఎర్రదీపం వెలిగింది. రీసెట్ నొక్కి మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ ఆరింది. మళ్లీ నొక్కారు. ప్రతిసారీ కొంత గ్యాసు మండకుండా కొలిమిలోనే ఉండిపోయింది. దాన్ని ఊది బయటికి పంపాల్సిన గాలినే వాళ్లు తగ్గించేసుకున్నారు.

నేను తిరిగి వస్తుండగా ఫ్యాను మొదలైన చప్పుడు వినబడింది. ఆ వెంటనే వాల్వు టక్కుమంది. ఆ రెండు చప్పుళ్లూ అంత దగ్గరగా వినబడటానికి వీల్లేదు. పరుగెత్తి వచ్చి ప్యానెల్ తలుపు తెరిచాను. పర్జింగ్ సమయాన్ని ఎవరూ మార్చలేకుండా కంట్రోలర్ లోపలే బిగించాలని నేను మా ఆఫీసులో అడిగి అడిగి అలసిపోయాను. మా కొనుగోలు విభాగం బజారులో దొరికే డయల్ టైమరు తెచ్చి పెట్టింది. ఆ డయల్ అన్నిటికంటే తక్కువ సమయం దగ్గరికి తిప్పి ఉంది.

"ఎవరు తిప్పిండ్రు?" అన్నాను. కోపంలో నా నోట మా ఊరి భాషే వస్తుంది. కొమురయ్య చలపతి వైపు చూశాడు. చలపతి నవ్వుతూ, చిన్న అడ్జస్ట్‌మెంటేనండీ, ఫంక్షన్ అయిపోగానే మళ్లీ పెట్టేస్తాం అన్నాడు.

నా సంచిలో గ్యాస్ డిటెక్టర్ ఉంది. మంట చూసే రంధ్రంలోకి దాని గొట్టం పెట్టాను. పెట్టీ పెట్టకముందే అది గీపెట్టింది. బయట పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు.

"ఆ మోత ఆపండి మేడమ్, మైకులో వినబడుతోంది," అన్నాడు చలపతి.

చేతిలో ఉన్న స్పానరు అతని మీదికి విసరకుండా ఆపుకోవడానికి నాకు చాలా ఓపిక పట్టింది. లోపల గ్యాసు నిండి ఉందని, పూర్తిగా ఊదితే తప్ప వెలిగించడానికి వీల్లేదని చెప్పాను. ముహూర్తం దాటిపోతుందన్నాడు. దాటనివ్వండి అన్నాను. ఈలోగా పెద్దాయన లోపలికి వచ్చేశారు. కొత్త పంచె, భుజాన కండువా. బాయిలర్ ముందు తలుపుకు ఎదురుగానే నిలబడ్డారు. ఆయన వెనక బంధువులు, రైతులు. కొలిమి పేలితే ముందు ఎగిరి వచ్చేది ఆ తలుపే.

గ్యాసు పైపు మీద చేత్తో మూసే వాల్వు ఒకటి ఉంటుంది. దాని హ్యాండిల్ ఊడి వస్తుంది. వాల్వు మూసి, హ్యాండిల్ లాగి చేతిలో పట్టుకున్నాను. చలపతి గొంతు తగ్గించి, ఆవిడ చేతిలోది తీసుకో అని కొమురయ్యకు చెప్పాడు. కొమురయ్య నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇయ్యుండ్రి మేడం. మీరు పొద్దుమూకంగనే బస్సెక్కి పోతరు. నాకు ఈడనే బతుకున్నది."

"దాని ముందల నిలబడేది నువ్వే కొమురయ్యా. తలుపు నీ మీదికే వస్తది," అన్నాను.

"ఎరుకే," అన్నాడు.

ఆ ఒక్క మాటకు నాకు వచ్చినంత కోపం చలపతి చేసిన దేనికీ రాలేదు. అతని మీద కూడా కాదు ఆ కోపం. తెలిసిన మనిషిని తెలిసి తెలిసి అక్కడ నిలబెట్టిన పద్ధతి మీద. హ్యాండిల్ ఇవ్వలేదు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఏందమ్మా, శుభమా అని పని మొదలెడుతుంటే ఈ గొడవేంటి?" అన్నారు. లోపల గ్యాసు నిండి ఉందనీ, ఇప్పుడు వెలిగిస్తే ఆయన ఎదుటే పేలుతుందనీ, కాసేపు ఫ్యాను నడిపితే ఏ భయమూ ఉండదనీ చెప్పాను. ఆయన చలపతిని అడిగారు. మేడమ్‌గారు కాస్త అతి జాగ్రత్త మనిషండీ, అన్నాడు చలపతి, అదేదో నా ఆరోగ్య సమస్య అన్నట్టు. ఆ మాటల మధ్యనే పంతులుగారు వర్జ్యం వచ్చేసిందన్నారు. పెద్దాయన ఇంకేమీ అనకుండా భోజనాల వైపు వెళ్లిపోయారు. జనమంతా ఆయన వెనకే వెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన నన్ను దరిద్రపు నోరు అన్నాడు.

నేను డయల్ మళ్లీ సరిచేసి, లైనులో నీరు తీయించి, ఫ్యాను పూర్తిగా నడిపాను. డిటెక్టర్ నోరు మూసింది. అప్పుడు హ్యాండిల్ బిగించి వెలిగించాను. నీలం మంట, అంచున కూడా వణుకు లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన మంటల్లో అంత శుభ్రమైనది లేదు. చూడటానికి నేనూ కొమురయ్యా తప్ప ఎవరూ లేరు. అతను మంట చూడలేదు, గేజీలో నీటి మట్టం చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆవిరి వచ్చింది, గెలలు ఉడికాయి, ట్రాక్టర్లు కదిలాయి.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి కూడా చిరాకు. మా కంపెనీకి ఫిర్యాదు వెళ్లింది. మా పైవాళ్లు నన్ను పిలిచి, మీరన్నది కరెక్టే కానీ కస్టమర్ ముందు అలా చేయకూడదు అన్నారు. కస్టమర్ వెనక పేలితే పరవాలేదా అని అడిగాను. మిల్లులో విచారణ పెట్టారు. టైమరు తిప్పింది అటెండెంటని చలపతి చెప్పాడు. తిప్పించింది మేనేజరని నేను ఫోన్లో పెద్దాయనకే చెప్పాను. ఆయన కొమురయ్యను పిలిచి అడిగారట. నేనే తిప్పిన, ఎవలు చెప్పలే, అన్నాడట. తన పేరు రానివ్వకపోతే ఉద్యోగం కాపాడతానని చలపతి మాట ఇచ్చాడు. కాపాడలేదు. దసరాకు ముందే కొమురయ్యను తీసేశారు.

బర్నర్ ఎలా నడుస్తోందో చూడటానికి మరోసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలిసింది. బాయిలర్ దగ్గర వేరే మనిషి ఉన్నాడు. చలపతి టీ తెప్పించాడు. కొమురయ్య సంగతి అడిగితే, అయినా ఆరోజు ఏమీ జరగలేదు కదండీ అన్నాడు. టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఆ మాట మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. పేలి ఉంటే అందరూ నమ్మేవాళ్లు. పేలకుండా ఆపినందుకు ముహూర్తం చెడగొట్టినదాన్నయ్యాను.

తిరుగు ప్రయాణంలో కొత్తగూడెం బస్టాండులో కొమురయ్య కనిపించాడు. పాల్వంచ దగ్గర ఒక రైసుమిల్లులో రోజుకూలీకి చేస్తున్నానన్నాడు. నేనేదో చెప్పబోతే ఆపాడు. "మీరు చేసింది తప్పంటలేను మేడం. కానీ గా దినం నీ సంగతేందని నన్నెవలు అడిగిండ్రు?" అన్నాడు. అతని బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.

రిటైరయ్యేలోపు ఒక్క పని మాత్రం పట్టుబట్టి చేయించాను. ఆ డయల్ తీసేయించాను. ఇప్పుడు మా బర్నర్లలో పర్జింగ్ సమయం కంట్రోలర్ లోపల బిగించి ఉంటుంది. మిల్లులో ఎవరూ తగ్గించలేరు. కంట్రోలర్‌ను బలవంతంగా తెరిస్తే బర్నర్ వెలగదు. డయల్ లేకపోతే చలపతి లాంటివాడు ఆ మాట చెప్పలేడు, కొమురయ్య లాంటివాడు వినలేడు, నాలాంటిది హ్యాండిల్ పట్టుకుని అరవనక్కర్లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. బాయిలర్ ముందు నిలబడే మనిషికి ప్రమాదం తెలియదనుకుని డిజైన్ చేయకండి. అతనికి తెలుసు. అతను మంట కంటే మేనేజర్‌కు ఎక్కువ భయపడతాడు. ఆ భయం అందుకోగలిగిన చోట భద్రతను పెట్టకూడదు.