అరవై రెండు కిలోల పచ్చి మామయ్య

మా పచ్చి మామయ్య నిప్పు తగిలిన పదార్థాన్ని ఆరేళ్లపాటు నోట్లో పెట్టలేదు. అన్నం, రొట్టె, కాచిన పాలు, గుడ్డు, చివరికి టీ కూడా. ఆయన దృష్టిలో ఉడికిందంటే చచ్చిందనే. అందుకే మా ఇంటికి వచ్చినప్పుడల్లా తిన్నగా వంటగదిలోకి వెళ్లి, ఒక్కో గిన్నె మూత ఎత్తి, తల వంచి పరామర్శించేవాడు.

"పాపం, వంకాయ. ఎప్పుడు పోయింది?"

"పొద్దున్నే పోయిందన్నయ్యా," అనేది మా అమ్మ గరిటె తిప్పుతూ. "చివరి చూపుకి సరిగ్గా అందావు."

"బాధపడిందా?"

"నూనెలో కాసేపు."

ఆ తర్వాత సంచీలోంచి క్యారెట్ తీసి మా మధ్యే కూర్చుని కొరికేవాడు. ఆ చప్పుడుకి మా మాటలు మాకే వినపడేవి కావు. వెళ్లేముందు ఇంకో తంతు ఉండేది. వసారాలో నిలబడి ఒంటి మీది చొక్కా విప్పేసి, మడిచి తెచ్చుకున్న మరో చొక్కా తొడుక్కునేవాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, నిమ్మచెక్క నమిలి పుక్కిలించేవాడు.

"చావింటి చొక్కాతో ఇంట్లోకెలా వెళ్తాం అల్లుడూ," అనేవాడు నాతో. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కాస్త సిగ్గేస్తుంది.

ఆయన పని కొట్లలో కాటాలు బాగుచేయడం. పట్నంలో ఏ కాటా ఎంత అబద్ధమాడుతుందో ఆయనకి కంఠోపాఠం. నాది పళ్ల డాక్టరుగారి గది వెనక చిన్న గదిలో కట్టుడు పళ్లు చేసే పని. నాకెవరూ నేర్పలేదు. అక్కడ ముందు పనిచేసిన ముసలాయన చేతులు చూసి కొంత, డాక్టరుగారి అలమరాలో పుస్తకాలు భోజనం వేళ తిరగేసి కొంత నేర్చుకున్నాను. అరువు తెచ్చుకున్న చదువు కాబట్టి అక్కర్లేనివి కూడా చదివేవాణ్ని. అందులో ఒకటి తర్వాత పనికొచ్చింది.

మామయ్య మొదటి పన్ను అగ్గిపెట్టెలో పెట్టుకుని వచ్చాడు. ఎండు మొక్కజొన్న గింజ మీద విరిగిందట.

"అతికించగలవా?"

"పన్ను అతికేది కాదు మామయ్యా. అసలు ఆ గింజ వేయించుకుంటే..."

"గింజ బతికుందిరా. అది తిరగబడింది. అందులో దాని తప్పేముంది?"

మా పళ్ల డాక్టరుగారు ఆడమనిషి. మామయ్య నోట్లో దీపం వేసి ఒక్కో పన్నూ తట్టి చూశారు.

"రోజుకి ఎన్ని నిమ్మకాయలండీ?"

"ఆరేనండి."

"పులుపు మీ పళ్ల మీది పింగాణీని తినేసింది. ఎండు ఖర్జూరం సందుల్లో కూర్చుని మిగతాది తినేసింది. మీరు సరిగా తినలేదు గానీ, మీ పళ్లని మాత్రం అందరూ కడుపునిండా తిన్నారు."

"జంతువులేమైనా వండుకుంటాయా డాక్టరుగారూ?"

"వండుకోవు. మీ వయసు దాకా బతకవు కూడా."

ఆ అగ్గిపెట్టె అలా నిండుతూ వచ్చింది. జేబులో గలగలమంటుంటే, మామయ్య వస్తున్నట్టు వీధి మలుపులోనే తెలిసేది. నాలుగో ఏటికి కొరకడం మానేసి తురుముకున్నాడు. అయిదో ఏటికి తురమడం మానేసి రసం తీసుకున్నాడు. నాలుక ఎర్రగా, పాలిష్ పెట్టినట్టు నున్నగా అయిపోయింది. అరికాళ్లలో చీమలు పాకుతున్నాయనేవాడు. ఒకరోజు కొట్టు మెట్టు మీద కాలు ఎక్కడ వేశాడో తెలియక పడిపోయి, లేచి కూర్చుని, మెట్టు ఎత్తు తప్పుందని కొట్టువాడితో గొడవ పెట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో రక్తం చూసి, గుడ్లలో, పాలల్లో దొరికే విటమిన్ ఒకటి అడుగంటిందని, నరాలు చచ్చుబడుతున్నాయని చెప్పారు. సూదిమందు రాశారు.

"సూదిని మరిగించలేదు కదా?" అని అడిగి మరీ చెయ్యి చాపాడు మామయ్య.

సూది ఒక్కటే చాలదన్నారు. పళ్లు లేని మనిషి మెత్తగా ఉడికిందేదో తినాలి, ఒంట్లో కండ మిగలలేదు, ఇలాగే ఉంటే కాళ్ల తర్వాత చేతులు మొద్దుబారతాయి అన్నారు. చేతులు అనగానే మామయ్య ముఖం మాడిపోయింది. ఎందుకంటే ఆ చేతుల మీదే అత్తయ్య బతుకుతోంది.

అత్తయ్యకి ఆరేళ్ల కిందట గొంతులో పుండు వచ్చింది. ఆపరేషన్ చేసి గొంతు పెట్టె తీసేశారు. మెడకి ముందువైపు చిన్న చిల్లు, ఊపిరి అందులోంచే. మాట పోయింది. మింగే దారి కూడా పూడుకుపోయి, కడుపుకి పెట్టిన గొట్టంలోంచే ఆహారం. డబ్బాలో వచ్చే ఆ పాలపిండిని కరెంటు కెటిల్‌లో గోరువెచ్చగా కాచిన నీళ్లలో కలిపి, గడ్డల్లేకుండా వడకట్టి, రోజుకి అయిదుసార్లు ఆ గొట్టంలో పోసేది మామయ్యే. వేరే ఎవరు పోసినా ఆవిడకి కడుపు ఉబ్బరిస్తుంది. మాట్లాడాలంటే పలక మీద రాస్తుంది. రాసేది తక్కువ. రాస్తే అవతలివాళ్లకి గుచ్చుకుంటుంది.

ఆ ఇంటి ముందుగదిలో మనిషి నిలబడి తూగే పెద్ద కాటా ఒకటి ఉంది. ప్రతి ఆదివారం మామయ్య అత్తయ్య ఎదురుగా దాని మీద ఎక్కి గట్టిగా చదివేవాడు. "అరవై రెండు. గ్రాము తగ్గలేదు." వదులైన చొక్కాలో ఊగుతున్న ఆయన్ని చూసి, ముల్లుని చూసి, అత్తయ్య ఊరుకునేది. కాటాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు కదా.

మామయ్యకి చేస్తున్న కట్టుడు పళ్ల సెట్టుకి మైనం అచ్చు సరిచూద్దామని ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. నా టిఫిన్ డబ్బా కూడా చేతిలోనే ఉంది. పని మొదలెట్టేముందు రెండు ముద్దలు తిందామని మూత తీశాను. ఉల్లిపాయలు వేయించిన వాసన గది నిండా గుప్పుమంది.

మామయ్య ఎగిరి నా మీద పడ్డాడు. డబ్బా లాక్కుని, చొక్కా కింద దాచుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆ కాళ్లతో ఎలా పరిగెత్తాడో నాకిప్పటికీ అర్థం కాదు. నేను వెనకే వెళ్లాను. మెట్ల మీద కూలబడి రొప్పుతున్నాడు.

"బుద్ధుందా నీకు? ఆవిడ ఎదురుగా ఉల్లిపాయ తెరుస్తావా?"

"మామయ్యా, నీ పట్టింపు నీది. అత్తయ్యకేం?"

"ఏం అంటే? వీధి చివర ఎవరింట్లో పోపు మాడిందో వాసన చూసి చెప్పే మనిషిరా మీ అత్తయ్య. తిండంటే ప్రాణం. ఆరేళ్లుగా మెతుకు గొంతు దిగలేదు. ఆవిడ ముక్కు ముందు నేను పొయ్యి వెలిగించి, వేయించుకుని తినాలా?"

నేను ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"మరి ఈ చచ్చింది, బతికుంది అనే సిద్ధాంతం..."

"నీ కోసమే మానేశానంటే ఊరుకుంటుందా? ఆ పూటే గరిటె నా చేతికిస్తుంది. ఏదో ఒకటి చెప్పాలిగా. మొదటి పది రోజులూ అబద్ధమే ఆడాను. ఆ తర్వాత అలవాటైపోయి, బాగానే చెబుతున్నాననిపించింది."

"మా ఇంట్లోనైనా తినొచ్చు కదా మామయ్యా."

"చొక్కాకి అంటుకుంటుందిరా," అన్నాడు.

మా వసారాలో ఆ రెండో చొక్కా ఎందుకో నాకప్పుడు అర్థమైంది. డబ్బా ఎక్కడైనా పారేసి, చొక్కా వాసన పోయేదాకా గాలికి తిరిగి వస్తానని ఆయన కుంటుకుంటూ వీధి చివరికి వెళ్లాడు. నేను లోపలికి వచ్చాను. గదిలో ఉల్లిపాయ వాసన ఇంకా దట్టంగానే ఉంది. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని గుండీ కుట్టుకుంటోంది. తల కూడా తిప్పలేదు. డాక్టరుగారి అలమరాలో చదివిన ముక్క చప్పున గుర్తొచ్చింది. ఊపిరి మెడలోంచి తీసుకునే మనిషికి ముక్కులోకి గాలి పోదు. గాలి పోకపోతే వాసన లేదు.

"అత్తయ్యా, నీకు వాసన తెలుస్తోందా?"

ఆవిడ పలక అందుకుంది. 'ఆపరేషన్ రోజే పోయింది.'

"మరి మామయ్యకి చెప్పలేదేం?"

'నిజంగానే ఆ పిచ్చి పట్టిందనుకున్నా. ఒక చొక్కాతో వెళ్లి ఇంకో చొక్కాతో రావడం చూశాక అర్థమైంది. అప్పటికే మూడేళ్లు.' తుడిచి మళ్లీ రాసింది. 'చెబితే ఆ మూడేళ్ల పచ్చి సొరకాయా దండగైపోయిందని కుమిలిపోడూ? పైగా బరువు తగ్గలేదుగా.'

నేను వెళ్లి కాటా ఎక్కాను. ముందురోజు క్లినిక్‌లో చూసుకుంటే డెబ్బై. ఇక్కడ ముల్లు ఎనభై మూడు దగ్గర ఆగింది.

అత్తయ్య సూది పక్కన పెట్టింది. ముల్లు వైపు చూస్తూ ఆయన అరవై రెండులోంచి వేళ్ల మీద పదమూడు తీసేసుకుంది. ఆసుపత్రివాళ్లు చేతుల గురించి అన్న మాట కూడా అప్పుడే చెప్పాను. అది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. బలపం రెండు ముక్కలైంది. చిన్న ముక్కతో పలక నిండా రాసింది. 'పొయ్యి ఎక్కడ దాచాడో వెతుకు.'

పొయ్యి మంచం కింద, పాత కాటాల వెనక దొరికింది. ఆవిడే వెలిగించింది. పళ్లు లేని నోటికని బంగాళాదుంపలు ఉడకబెట్టింది. చేతులు మరిచిపోలేదు. మామయ్య గుమ్మంలోనే వాసన పట్టేసి, నన్ను చంపేటట్టు చూశాడు. ఆవిడ పలక ఎత్తి పట్టుకుంది.

'నాకు వాసన రాదు. ఆరేళ్లుగా.'

మామయ్య దాన్ని మూడుసార్లు చదివాడు. వెనక్కి జరిగి కాటా మీదే కూర్చున్నాడు. ఆయన ఏడుస్తాడేమోనని నేను గోడకేసి చూస్తున్నాను.

"పచ్చి కాకరకాయ కూడా తిన్నానే," అన్నాడు చివరికి.

అత్తయ్య పళ్లెం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. దుంప మెత్తగా మెదిపి, ఉప్పు వేసి, పైన పొగలు కక్కుతూ ఉంది. ఆయన ముద్ద తీసుకున్నాడు గానీ అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడావిడ పలక తుడిచి, తీరిగ్గా రాసి, ఆ పళ్లెం పక్కనే ఆనించింది.

'పాపం, దుంప. ఎప్పుడు పోయింది?'

మామయ్య ఒక్క పన్ను కూడా లేని నోరంతా తెరిచి నవ్వాడు. అత్తయ్య నవ్వుకి చప్పుడుండదు, మెడ దగ్గర ఈలలా గాలి వస్తుందంతే. ఆ ఈల ఆగాక ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చిగుళ్లతో నెమ్మదిగా నలుపుతూ జవాబు చెప్పాడు.

"ఇప్పుడేనే. ఏమాత్రం బాధపడలేదు."