పెద్ద అపార్ట్‌మెంట్ తప్పుకున్న వీధిలో పూడికతీత

అమెరికా పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి మళ్లీ తప్పుకున్నప్పటి నుంచీ నా ఉద్యోగమంటేనే నాకు విసుగు. కోకాపేటలో ఒక కంపెనీకి కర్బన ఉద్గారాల నివేదికలు రాస్తాను. "అంత పెద్ద దేశమే చేతులు దులుపుకుంటే ఇంక ఒప్పందాలెందుకు?" అని ఇప్పుడు నిజాంపేటలో ఉంటున్న పాత సహోద్యోగి, నంద్యాల సుజాతక్క దగ్గర గొణిగాను. "మా వీధి ఒప్పందం ఉంటాదో పోతాదో ఈ ఆదివారం తేలుతుంది. వచ్చి చూడు" అంది.

ఆదివారం ఉదయం ఎనిమిదికి ఆటోలో రాయదుర్గం మెట్రోకు వెళ్లి, అమీర్‌పేటలో మియాపూర్ రైలుకు మారి, కేపీహెచ్‌బీలో దిగాను. అక్కడి నుంచి నిజాంపేటకు షేర్ ఆటో, ఇరవై రూపాయలు. సందు మొదట్లోనే నీళ్ల ట్యాంకర్ అడ్డం. "ఎండకాలమంతా గిదే పరేషాన్ మేడం, జర ఆగుండ్రి" అన్నాడు డ్రైవర్.

అక్క వీధిలో మూడు చిన్న అపార్ట్‌మెంట్లు, ఒక పెద్దది. ఎవరూ బోరు ఇంకా లోతుకు దించకూడదు, మేడల మీది వాన నీళ్లు వీధి చివరి ఇంకుడుగుంతలోకే వదలాలి, తొలకరికి ముందు అందరూ కలిసి పూడిక తీయాలి. ఇదీ నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్లూ ఇచ్చుకున్న మాట. మొన్నామధ్య పెద్ద అపార్ట్‌మెంట్ కమిటీ తప్పుకుని లోతుగా బోరు వేయించుకుంది. గుంతకు ఎక్కువ నీళ్లొచ్చేది ఆ మేడ నుంచే. మిగతావాళ్లూ మానేస్తే అక్క వాళ్ల బోరు ఎండిపోవడం ఖాయం.

"వాళ్లు తోడుకుంటుంటే మనమెందుకు తవ్వాలక్కా?"

"వాళ్ల మీద కోపంతో మన గొంతు ఎండబెట్టుకుంటామా?" అంటూ పార పట్టింది. ఆ మొండితనానికి భలే ముచ్చటేసింది.

చిన్న అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒక్కొక్కరే గుంతలోకి దిగారు. నడుములు పడిపోతున్న వేళ పెద్ద అపార్ట్‌మెంట్ గేటు తెరుచుకుంది. భీమవరం ఆయన ఒకరు, భార్యతో, పక్క ఫ్లాట్ల వాళ్లతో తట్టలు పట్టుకుని వచ్చారు.

"మీరు తప్పుకున్నారు కదండీ?" అని నోరు జారాను.

"తప్పుకుంది కమిటీ అండి, మేం కాదు. గుంతలోకొచ్చే వాన నీళ్ల పైపును కూడా మేం వాళ్లని తియ్యనివ్వలేదు. ఆ పార ఇలా ఇవ్వండి."

అక్క అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వీధి వేరు, ప్రపంచం వేరు. పెద్ద దేశం వదిలేసిన బరువు మిగతావాళ్లు మోయగలరో లేదో నాకు తెలియదు. కానీ తప్పుకున్న దేశంలోనూ మాట మీద నిలబడ్డ రాష్ట్రాలు, నగరాలు ఉన్నాయని నివేదికల్లో పొడిపొడిగా రాసేది నేనే. అలా నిలబడే మనుషులను ఆ రోజు దగ్గర నుంచి చూశాను.

మీరూ వెళ్తే తొలకరికి ముందు, పాత చెప్పులతో వెళ్లండి. అక్క బొరుగులతో చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినకుండా మాత్రం కదలకండి. ఆ రోజు అక్క ఒక డబ్బా విడిగా కట్టింది. ఎవరికని అడిగాను.

"కమిటీ ప్రెసిడెంటుకు. రేపు మళ్లీ మనలో కలవాలంటే ఆయనకు మొహం చెల్లాల గదా."