వాకిడన్న బండికి ముహూర్తం

మా సందులో గోడ గడియారాలకు కొదవ లేదు. అయినా పొద్దున్న ఆరున్నరయిందని మాకు చెప్పేది మాత్రం వాకిడన్న బండే. టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టుకుని నాలుగోది మింగేస్తుంది. ఆ మింగుడు వినపడగానే ఆడవాళ్ళమంతా గిన్నెలూ చిల్లరా పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేస్తాం. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస. వెనక సీటుకు అటూ ఇటూ రెండు వెదురు గంపలు, వాటినిండా తూటికూర, అలసందలు, లేత పనసకాయ ముక్కలు, అరిటాకుల్లో చుట్టిన టెంపే, అంటే పులియబెట్టిన సోయాగింజల దిమ్మలు. హ్యాండిల్‌కు వేలాడే సంచుల్లో మిరపకాయలు, ఎండుచేపలు. వీటన్నిటి మధ్యా ఎక్కడో వాకిడన్న తలకాయ.

బండి పేరు క్లావు. మా జావా భాషలో బూడిదరంగుది అని అర్థం. కొన్నప్పుడు దాని రంగు నీలం. ఎండకూ వానకూ అది ఇప్పటి రంగుకు వచ్చాక పేరు పెట్టారు.

నాలుగోది మింగుతోందని అన్నకు నేను చెప్పని ఏడాది లేదు. "నా బండి ఏదీ మింగదు చెల్లెమ్మా, నీ చెవుల్లోనే బట్టపేలికలున్నాయి" అనేవాడు. నేను దర్జీని లెండి, పేరు సుకార్తి. వాళ్ళ ఎదురిల్లు మాది. వెలుతురు కోసమని కుట్టుమిషను కిటికీ దగ్గర వేసుకున్నాను. ఆ కిటికీలోంచి వాకిడన్న అరుగు మొత్తం కనిపిస్తుందంటే అది నా తప్పు కాదు.

పోయిన వానాకాలంలో వాకిడన్న రెండుసార్లు పడ్డాడు. మొదటిసారి గంపలతో సహా పొలంకాలవలోకి దిగి, బాతు అడ్డం వచ్చిందన్నాడు. రెండోసారి వెళ్ళి వెళ్ళి మా సందు మొదట్లో రాత్రి కాపలావాళ్ళు కూర్చునే పాకనే గుద్దాడు. ఆ పాక బాతులా అడ్డం వచ్చే రకం కాదని ఊరందరికీ తెలుసు. వాళ్ళావిడ తుమినా వదిన మర్నాడే ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. రెండోది లోపల నరం దెబ్బతింది, ఇక అంతే, బండి మాత్రం ఎక్కొద్దన్నారు.

"దారి నాకు కనపడకపోతేనేం, క్లావుకు తెలుసుగా!" అన్నాడు వాకిడన్న.

"కాపలా పాక కూడా తెలుసు కాబోలు, పలకరించడానికే వెళ్ళింది" అంది వదిన. తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో దాచేసింది.

సరిగ్గా ఆ వారమే విగాతి వచ్చింది. వాకిడన్న తమ్ముడి కూతురు, ఇరవైమూడేళ్ళ పిల్ల. పనిచేసే బాతిక్ బట్టల కొట్టు మూతపడితే, ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో చేతితొడుగుల ఫ్యాక్టరీలో పని ఒప్పుకుంది. వచ్చే నెల మొదట్లో చేరాలి. బస్సు లేదు. వేయించిన అరటిపళ్ళు పొట్లం కట్టుకుని వచ్చి, పెదనాన్న ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, వానల గురించి, ఎండల గురించి, కోళ్ళ గురించి మాట్లాడి మాట్లాడి, టీ చల్లారిపోయాక అసలు మాట తీసింది.

"పెదనాన్నా, క్లావును మీరు ఎవరికైనా ఇద్దామనుకుంటే... ఆ ఎవరైనా నేనైతే బాగుంటుందని."

మాలో ఒకటుంది. లేదు అనే మాట మొహం మీద అనం, అది మోటుతనం. చూద్దాం అంటాం, కానీయ్ అంటాం, ఇంకో అరటిపండు తినమంటాం. అవతలివాళ్ళే అర్థం చేసుకుని లేచి వెళ్ళాలి. వాకిడన్న అవన్నీ వాడేశాడు. విగాతి పళ్ళన్నీ తింది గానీ లేవలేదు. అప్పుడాయన లేచి లోపల్నుంచి క్యాలెండరు తెచ్చాడు.

మాకు ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల సంతవారం కూడా ఉంది. పోన్, వాగే, క్లివోన్, లెగీ, పాహింగ్. ఆ వారాన్నీ ఈ వారాన్నీ జతచేసి, రోజుకింత అని అంకెలు కూడి, పెళ్ళికైనా బండికైనా మంచిరోజు తేలుస్తాం. వాకిడన్నకు ఈ లెక్క కొట్టినపిండి. అంటే ఏ రోజునైనా చెడ్డరోజు చేయగలడు.

"ఈ ఆదివారం నీ పుట్టినరోజు అంకెకు పడదు తల్లీ" అన్నాడు విచారంగా మొహం పెట్టి.

విగాతి నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి శనివారం పాహింగ్ చూసుకుని చెప్పింది. లెక్కలన్నిటిలోకీ పెద్ద అంకె, పద్దెనిమిది.

"అమ్మో, పద్దెనిమిదే!" అన్నాడు. "అంత మంచిరోజు మన క్లావు మోయలేదమ్మాయ్. కొత్తబళ్ళకు సరిపోతుంది గానీ, ఇది ముసలిది."

కిటికీలోంచి నాకు నవ్వాగలేదు. చొక్కా కాలరు వంకరగా కుట్టేశాను.

అసలు సంగతి ఆయన ఒకసారి నాతోనే అనేశాడు. గుండీ ఊడిన చొక్కా తెచ్చి, గుమ్మంలో నిలబడి, "బండి పోతే పోయింది చెల్లెమ్మా. దానితో పాటు నేను కూడా పోతాను. ఆరున్నరకు నేనెక్కడుంటాను చెప్పు? అరుగు మీదా?" అన్నాడు. గుండీ గట్టిగా కుట్టి డబ్బులొద్దన్నాను. దానికి ఇంకా చిన్నబుచ్చుకున్నాడు.

ముహూర్తాలు అయిపోయాయి. ఇక బెదిరింపులు మొదలుపెట్టాడు. అయినవాళ్ళకు పాత బండి అమ్మితే అది దారిలో ఆగిన ప్రతిసారీ తిట్లు ఇంటిదాకా వస్తాయనేది ఆయన వాదం. అందుకని దాని రోగాలన్నీ ముందే చెప్పేస్తానన్నాడు, పిల్ల జడుసుకుని పారిపోతుందని.

"చలిలో తిన్నగా స్టార్టవదు. ఎడమవైపుకు ఒరగబెట్టి, మూడంకెలు లెక్కపెట్టి, అప్పుడు తన్నాలి."

"సరే" అంది విగాతి, ఒరగబెట్టి చూస్తూ.

"ముందు బ్రేకు ఉన్నది అందానికే. వెనకదే నొక్కాలి, అదీ మడమతో."

"మడమతో. సరే."

"పెట్రోలు మూత తిప్పితే రాదు. బొటనవేలితో ఇక్కడ నొక్కి, కాస్త బతిమాలాలి."

"ఏమని బతిమాలాలి పెదనాన్నా?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన్నెవరూ అడగలేదు. కాసేపు సిగ్గుపడి, "మా అమ్మే, రావే, అనాలి" అన్నాడు.

మధ్యాహ్నం మొదలుపెట్టినవాడు సాయంత్రందాకా చెప్పాడు. ఏ గుంత దగ్గర ఏ గేరులో ఉండాలో, గంపల్లో ఏ కూర ఏ పక్క వేస్తే బరువు ఒరగదో, అన్నీ. భయపెట్టడానికి కూర్చున్న మనిషి పని నేర్పిస్తున్నాడని ఆయనకు తట్టలేదు. పిల్లకు తట్టిందో లేదో నాకు తెలియదు, ఒక్కమాట పొల్లు పోకుండా వింది.

మర్నాడు పొద్దున్నే వదిన బియ్యం డబ్బాలోంచి తాళంచెవి తీసి విగాతి చేతిలో పెట్టింది. "ఊరి చివరిదాకా నడిపి చూడవే. నడపడానికి ముహూర్తం అక్కర్లేదుగా!" అంది మొగుడి వంక చూడకుండా. గంపలు విప్పడానికి బద్ధకించి ఖాళీగా అలాగే ఉంచారు. టక్ టక్ టక్, ఒక మింగుడు. బండి సందు దాటింది.

పావుగంటలో రావలసిన పిల్ల గంట దాటినా రాలేదు. వాకిడన్న రోడ్డు మీదకు నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. "కాలవలో పడిందేమో. బాతులున్నాయి అక్కడ" అన్నాడు అయిదోసారి.

గంటంపావుకు వచ్చింది. చెమటలు కక్కుతోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. చేతిమీద మోచేతిదాకా పెన్నుతో రాతలు.

"పెదనాన్నా, నన్ను కదలనిస్తేగా! చప్పుడు వినపడటం, గిన్నెలతో బయటికి రావడం. ఖాళీ గంపలని చెబితే ఒక్కరూ నమ్మలేదు, అడుగున దాచానని చెయ్యిపెట్టి వెతికారు. పర్జియెమ్ పెద్దమ్మయితే మీరు చచ్చిపోయారనుకుని ఏడ్చింది. కళ్ళు బాగోలేవంటే ఏడుపాపి, ఈసారి పనసకాయ తెమ్మంది."

"పర్జియెమ్ ఏడ్చిందా?" అన్నాడు వాకిడన్న. "ఎంతసేపు?"

"బాగానే ఏడ్చింది. ఇదిగో, పదకొండు మంది కూరలు చెప్పారు" అని చెయ్యి చాపింది. "ఆ ఫ్యాక్టరీలో నన్ను పనికి తీసుకున్నాయన నా పేరు కూడా అడగలేదు పెదనాన్నా. నేనీ గంపలు విప్పను. కూరలే అమ్ముతాను, మీరు ఒప్పుకుంటే" అంది.

వాకిడన్న ఆ చేతిమీది రాతల్ని మంచికంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. అంతా తన వాళ్ళే. ఆయన మొహంలో సంతోషం, ఉక్రోషం రెండూ ఒకేసారి కనిపించాయి. ఆ రెండిట్లో దేనికీ చోటు వదలకుండా చెయ్యి మళ్ళీ క్యాలెండరు మీదకు పోయింది.

"వచ్చే బుధవారం కుదరదనుకుంటాను..."

"ఆపవయ్యా!" అంది తుమినా వదిన. చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే. "నువ్వు దీన్ని ఏ రోజున కొన్నావో పిల్లకు చెప్పు."

"గురువారం లెగీ" అన్నాడు గబుక్కున.

"అది మీ అమ్మ కొనమన్న రోజు, నువ్వు కొన్న రోజు కాదు. నేను పక్కనే ఉన్నాను. మంగళవారం వాగే."

నేను మిషను ఆపేశాను. మంగళవారం వాగే అంటే ఏడు. అన్ని జతల్లోకీ తక్కువ అంకె. ఆ రోజు మా ఊళ్ళో కోడిపెట్టను కూడా కొనరు.

"రెండురోజులు ఆగరా అని మీ అమ్మ మొత్తుకుంది. కావడి మోసి మోసి భుజం కాయలు కాసిన మనిషివి, ఆగలేకపోయావు. బజారుకని చెప్పి వెళ్ళి, బండెక్కి వచ్చావు. చిన్నపిల్లాడిలా సందులో మూడుసార్లు తిరిగావు. ఆ చెడ్డరోజే మనకు ఇరవయ్యారేళ్ళు తిండి పెట్టింది. దానికింకా ఏం రోజులు చూస్తావు?"

వాకిడన్న క్యాలెండరు మడిచాడు. చాలాసేపు విగాతి కాళ్ళవైపు చూశాడు. ఆ పిల్ల కుడికాలు కిక్కు మీదనుంచి ఇంకా తియ్యలేదు.

"ఈ వచ్చే మంగళవారమే వాగే" అన్నాడు చివరికి. "అప్పుడే ఇస్తాను. దానికి అలవాటైన రోజు."

ధర దగ్గర మాత్రం గొడవైంది. ఆయన తగ్గిస్తాడు, విగాతి పెంచుతుంది. అరుపులు విని పక్కసందు వాళ్ళు కూడా వచ్చారు. చివరికి నడుమ ఎక్కడో వదిన తెగ్గొట్టింది.

మంగళవారం వదిన, శుభకార్యానికి మా ఆనవాయితీ ప్రకారం, ఎర్రజావ, తెల్లజావ వండి వాడకంతా పంచింది. వాకిడన్న క్లావు చక్రాల మీద పూలనీళ్ళు చల్లి, పెట్రోలు మూత దగ్గర వంగి ఏదో గొణిగి, తాళంచెవి విగాతికిచ్చాడు. ఆ సాయంత్రం అరుగు మీదకు రాలేదు.

బుధవారం ఆరున్నరకు మేమంతా గిన్నెలతో గుమ్మాల్లో నిలబడ్డాం. అన్న మాత్రం లోపలే ఉన్నాడు. సందు చివర మలుపులో చప్పుడు మొదలైంది. టక్ టక్ టక్, మింగుడు. టక్ టక్ టక్, మింగుడు. ఎదురింటి తలుపు దభాలున తెరుచుకుంది. వాకిడన్న లుంగీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో వదిన చింతపండు నానబెట్టుకున్న గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చింతపండు రసం కాళ్ళమీద ఒలుకుతోంది. నా వెనక వచ్చి వరసలో నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయన ఎప్పుడూ పైన కూర్చుని విన్నదే. గిన్నెతో వరసలో నిలబడి, అది తనవైపు రావడం వినడం అదే మొదటిసారి.

"చెల్లెమ్మా" అన్నాడు మెల్లగా. "నాలుగోది మింగుతోంది."

"ఇరవయ్యారేళ్ళుగా చెబుతున్నాను."

విగాతి బండి ఆపి ఆ మాట వింది. "బాగుచేయించనా పెదనాన్నా? మెకానిక్కుకు గంట పనే."

"చెయ్యి వేశావంటే చూడు!" అని గిన్నె ఎత్తాడు వాకిడన్న. "అది మింగకపోతే నువ్వొచ్చావని మాకెలా తెలుస్తుంది?"