బొట్టు పెట్టిన క్యాసెట్

తార్నాక చౌరస్తాకు కాస్త ఇవతల ఒక క్యాసెట్ల దుకాణం ఉండేది. దాని యజమానిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఖాళీ క్యాసెట్ కావాలంటే మనిషి మొహం చూడడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అందిందేదో తీసి కౌంటర్ మీద పడేస్తాడు. దాన్ని నేను అటూ ఇటూ తిప్పి చూస్తే ఆయనకు కోపం.

"ఏం జూస్తరమ్మా అంతగనం? క్యాసెటే గదా!"

పాటలు వినేవాళ్లకు క్యాసెటే. మా ఇంట్లో అది ఉత్తరమూ, ఫోనూ, మొగుడూ అన్నీ.

తొంభైల్లో సంగతి ఇది. నేను యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నాను. వారాసిగూడలో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ, మా అత్తా ఉండేవాళ్లం. మా ఆయన దుబాయ్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు. పదో తరగతి తప్పిన మనిషి. అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుంటాడు, చేతిరాత మాత్రం చదవలేడు. నేను ఉత్తరం రాస్తే పక్క మంచం వాడు గదిలో అందరికీ వినపడేలా చదివి పెట్టేవాడు. అందుకని రాయడం మానేశాను. ఫోను ఓనరమ్మ ఇంట్లో ఉండేది. ఎప్పుడైనా ఆయన చేస్తే, నేను మాట్లాడినంతసేపూ ఆవిడ పప్పు ఏరుతూ అక్కడే కూర్చునేది. నాకు తెలిసి ఆ ఇంట్లో అంత పప్పు ఎప్పుడూ వండలేదు.

మిగిలింది క్యాసెట్టే. ఇక్కడ మాటలు రికార్డు చేసి, సెలవు అయిపోయి తిరిగి వెళ్లే ఊరివాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఆయన వాక్‌మన్‌లో వేసుకుని, చెవులకు తగిలించుకుని, మంచం మీద పడుకుని వినేవాడు. ఒకే గదిలో అంతమంది మధ్య ఆయనకు ఆ మాత్రం చాటు దొరికేది. నాకు ఇక్కడ అదీ లేదు.

రికార్డింగ్ రోజు మా అత్త తలస్నానం చేసి టేప్‌రికార్డర్ ముందు కూర్చునేది. ఆమెకు చదువు రాదు. క్యాసెట్ ఒకవైపు కుంకుమ బొట్టు పెట్టేది. బొట్టున్న వైపు ఆమెది, రెండోవైపు ఊరి నుంచి వచ్చే మిగతా జనానిది. వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ అందరూ మాట్లాడాక చివర్లో నా వంతు వచ్చేది. అప్పుడు మా అత్త నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నా నోరే చూసేది. నేనేం చెప్పగలను? "నేను బాగున్నాను, మీరు ఆరోగ్యం జాగ్రత్త" అనేదాన్ని. అన్నాళ్లలో ఆయనకు నేను పంపిన మాటలన్నీ కలిపితే అవే.

క్యాసెట్ల విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ తగువే. ఇంకో నాలుగు రూపాయలు పెడితే అరవై నిమిషాలది పోయి తొంభై నిమిషాలది వస్తుందని ఓనరమ్మ ఆమెకు నూరిపోసింది.

"తొంబై తేరాదు పిల్లా? ఇంకిన్ని మాటలు వడ్తయి."

తొంభై దాంట్లో టేపు పలచగా ఉంటుంది, చిన్న వాక్‌మన్‌లో వేస్తే నలుగుతుంది, అక్కడి ఎండకు సాగుతుంది అని చెప్పేదాన్ని. అందులో అబద్ధం లేదు. అసలు నిజం మాత్రం, ఆమె మాటలు వైపుకు అరగంట చాలు అని. ఆమె గొంతు కూడా మారేది. నాతో మాట్లాడేటప్పుడు కట్టె విరిచినట్టుండేది, టేపులో కొడుకుతో అయితే తేనె.

తార్నాక దుకాణంలో నేను అందుకే అంతసేపు నిలబడేదాన్ని. నాలుగు మూలలా స్క్రూలున్న క్యాసెటే కావాలి, టేపు చిక్కుకుంటే విప్పి సరిచేయొచ్చు. అతికించినది అయితే పారేయడమే. లోపల టేపు కింద చిన్న మెత్తటి ముక్క ఉంటుంది, అది ఊడిందా గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తుంది. పైన కొత్త కాగితం చుట్టి లోపల ఎవరో వాడేసిన టేపు పెట్టి అమ్మడం ఇంకో దొంగతనం. ఒకసారి నా రెండు ముక్కలూ అయిపోయాక ఎవరిదో పెళ్లి బ్యాండు మోగిందట. కింద పాత రికార్డింగ్ అలాగే ఉండిపోయింది. "ఎవరి పెండ్లి అది?" అని మా ఆయన తిరుగు టేపులో అడిగాడు. దుకాణదారుకు చెబితే, "మంచిదే గదమ్మా, శుభం" అన్నాడు. ఆ రోజు ఆ క్యాసెట్ ఆయన నెత్తిన కొట్టాల్సింది.

మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. మా అత్త కొత్త పాట మొదలుపెట్టింది. పట్నంలో ఉండలేనంది, ఊరికి పోదామంది. నేను లేకుండా తను పోదు, వయసులో ఉన్న కోడల్ని ఒంటరిగా వదిలితే ఊళ్లో నలుగురూ ఏమంటారు? ఊరికి పోయానంటే నా చదువు అంతటితో సరి. అక్కణ్నుంచి పొద్దున బయల్దేరితే క్యాంపస్ చేరేసరికి క్లాసులు అయిపోతాయి. ఎమ్మే అయ్యేదాకా చదివిస్తారా అని పెళ్లిచూపుల్లో మా నాన్న అడిగితే మా ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం మీద ఆధారపడి చేసుకున్న పెళ్లి నాది.

మా అత్త తన కోరికను కోరికగా చెప్పేది కాదు. మోకాళ్ల మీదికి తోసేది. ప్రతి క్యాసెట్‌లోనూ మోకాళ్లే. మెట్లెక్కలేకపోతోందట, రాత్రిళ్లు నిద్ర లేదట. ఆయన నుంచి జవాబు వచ్చింది: "అమ్మ ఏం చెప్తున్నదో జర ఆలోచన చెయ్యి." ఆ మోకాళ్ల కథ అబద్ధమని ఆయనకు చెప్పాలి. ఆమె ఎదురుగా కూర్చుని ఉండగా ఎలా చెప్పను?

అప్పుడు తట్టింది నాకు. తార్నాక వెళ్లి తొంభై నిమిషాలది అడిగాను. అదే కంపెనీ, అదే నీలం రంగు. అంకె ఒక్కటే తేడా, దాన్ని గోటితో గీకేస్తే సరి.

"నిన్నటిదాక తొంబై వద్దు వద్దంటిరి. ఇయ్యాల ఏమాయె?" అన్నాడు దుకాణదారు, జీవితంలో మొదటిసారి నా మొహం చూసి.

"నా ఇష్టం. ఇస్తావా లేదా?"

రికార్డింగ్ రోజు మా అత్త యథాప్రకారం బొట్టు పెట్టి మొదలుపెట్టింది. మిర్చి ధరలు, పొలం, మోకాళ్లు. అరగంట కాగానే నేను చప్పున మీట నొక్కాను.

"గప్పుడే అయిపాయెనా?"

"అయిపోయింది అత్తమ్మా."

ఆమె వైపు చివర్లో పావుగంట టేపు ఖాళీగా ఉంది. ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. మర్నాడు ఆ క్యాసెట్‌ను పుస్తకాల మధ్య పెట్టి క్యాంపస్‌కు తీసుకెళ్లాను. నా క్లాస్‌మేట్ దగ్గర చేతిలో పట్టే చిన్న రికార్డర్ ఉండేది, పల్లెల్లో మనుషుల్ని ప్రశ్నలడగడానికి వాడేది. అది అడిగి తీసుకుని, సీతాఫల్‌మండి స్టేషన్ వైపు దిగే దారిలో ఒక కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. మీట నొక్కగానే లోకల్ రైలు వచ్చింది. ఆపడం తోచక, అది పోయేదాకా ఆగి మాట్లాడాను. వాక్‌మన్ దానంతటది టక్కున ఆగేదాకా ఆయన చెవుల్లోంచి తీయడు, అంత బద్ధకం. ఆ బద్ధకాన్నే నమ్ముకున్నాను.

క్యాసెట్ వెళ్లింది. నేను రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆయన ఎప్పుడూ అక్కడ దొరికే మంచి క్యాసెట్లలో జవాబు పంపేవాడు, మెరిసే కాగితాల్లో. ఈసారి వచ్చిన పొట్లం విప్పితే లోపల నీలం రంగు క్యాసెట్ ఉంది. ఒకవైపు వెలిసిపోయిన కుంకుమ బొట్టు. మాదే. నేను పంపిందాని మీదే మాట్లాడి తిరిగి పంపాడు. చివర్లో నేను దాచిన మాటలు చెరిగాయో, అలాగే ఉన్నాయో తెలియదు.

"నా బొట్టు జూడు, ఎట్ల వోయింది అట్లనే వచ్చింది" అని మా అత్త మురిసిపోయింది. ఓనరమ్మ కూడా వచ్చి కూర్చుంది.

ఆయన గొంతు వచ్చింది. ఎండల సంగతి చెప్పాడు, జీతం సంగతి చెప్పాడు, అమ్మా మందులు వేసుకో అన్నాడు. ఊరి సంగతి ఒక్క ముక్క లేదు, నా చదువు సంగతి లేదు. పావుగంటైనా కాకముందే "ఉంట మరి అమ్మా" అని ఆపేశాడు. టక్‌మని చప్పుడు, ఆ వెంటనే సగం మాటలోంచి మా అత్త గొంతు: "... ధర ఇంటె గుండె ఆగుతది కొడుకా."

"ఓ! ఇది నేనే!" అంది మా అత్త నవ్వుతూ.

నేను లేచి టేప్‌రికార్డర్ దగ్గరికి వెళ్లాను. "అయిపోయింది కదా అత్తమ్మా, ఆపేస్తా. చాయ్ పెట్టనా?"

"కూసో. నా ముచ్చట నేను ఇనొద్దా?"

కూర్చున్నాను. తన గొంతు తనే వింటూ తల ఊపుతోంది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఓనరమ్మ "అయ్యో పాపం" అంది. తర్వాత నేను మీట నొక్కిన చప్పుడు, తర్వాత ఉత్త గరగర. ఓనరమ్మ లేవబోయింది. నేను ఊపిరి పీల్చుకోబోయాను. రైలు వచ్చింది.

"ఇదేం చప్పుడు?" అంది మా అత్త.

రైలు పోయాక నేను వచ్చాను.

"నేను. ఇది నువ్వొక్కనివే ఇను. మీ అమ్మ మోకాళ్లు మంచిగనే ఉన్నయి. మొన్న మిర్చి రూపాయి తక్కువకొస్తదని ముషీరాబాద్ దాక నడిచిపోయి మల్ల నడిచొచ్చింది. ఊరికి వోవాలని ఈ నొప్పులన్నీ. ఆమె పోతె పోనీ, నేను పోను. మా బాపు ముంగట తల ఊపింది నువ్వు. ఇంకొక్క ఏడాది. మీ అమ్మకు నువ్వే చెప్పాలె. చెప్పకపోయినవనుకో, నేను నీ పెండ్లాన్నని మర్చిపో."

ఓనరమ్మకు హఠాత్తుగా పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మా అత్త మాత్రం కదల్లేదు. మీట దానంతటది పైకి లేచేదాకా విన్నది. ఆమె ఎదుట భర్తను నేనెప్పుడూ 'మీరు' అనే అన్నాను, టేపులో 'నువ్వు' అన్నాను. అది కూడా విన్నది.

"మోకాళ్లు నావి" అంది చివరికి. "గుంజుతున్నయో లేదో నీకెట్ల ఎర్క?"

నేను క్షమించమని అడగలేదు. అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు, ఇప్పుడూ అదే అంటాను.

మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుంది. "నేను ఊరికి వోతున్న. నువ్వు రాకు. వస్త అన్నా నేను తీస్కపోను. నీ సేవలు నాకొద్దు" అంది. గడప దాటుతూ ఓనరమ్మతో నాకు వినపడేలా అంది: "నా కొడుక్కు పాపం ఏం తెల్వదు. ఇనకుంటనే పంపిండు."

నేనూ అలాగే అనుకున్నాను. ఆయన బద్ధకాన్ని నమ్ముకుంటే, ఆయన నా మాటల దాకా విననే లేదని పళ్లు కొరుక్కున్నాను. నేను కోరింది మాత్రం దొరికింది, ఆమె కసి వల్ల. క్యాంపస్ హాస్టల్లో చేరి ఎమ్మే పూర్తి చేశాను. ఆ ఏడాదంతా ఆమె ఊరి నుంచి కొడుక్కు పంపిన క్యాసెట్లలో నా ఊసే లేదట.

తర్వాత ఆయన సెలవు మీద వచ్చాడు. ఇద్దరం ఊరికి వెళ్లాం. పెట్టె విప్పి కొత్త క్యాసెట్ల డబ్బా బయట పెట్టాడు. అక్కడ చవక, గదిలో ఎప్పుడూ ఇలాంటివి పడి ఉంటాయి అన్నాడు. అది విని అడిగాను.

"మరి ఆ దినం పాతదాని మీదనే ఎందుకు చెప్పి పంపినవ్?"

ఆయన నవ్వాడు. "నువ్వు చెప్పింది విన్న. రెండుసార్లు విన్న. నేను చెప్తె అమ్మ బాధపడతది గద. నువ్వు మంచిగ చెప్పినవ్, అదే ఇననీ అనుకున్న. అందుకే నేను జల్ది ఆపేసిన."

అంటే ఆయన నోటితో అనాల్సిన మాటను నా నోటితో అనిపించాడు. ఏడాది పాటు ఆమె కసి అంతా నా మీద, మంచి కొడుకన్న పేరు ఆయనకు. నాకు పిచ్చి కోపం వచ్చింది. వరండాలో బియ్యం చెరుగుతున్న మా అత్తకు వినపడాలనే గట్టిగా అరిచాను.

"విన్నవా అత్తమ్మా? నీ కొడుకు అంతా వినే పంపిండట!"

చేట ఆగలేదు.

"నాకెర్కనే" అంది ఆమె. "డబ్బల కొద్ది కొత్తవి వెట్టుకొని నా బొట్టున్నది ఎందుకు పంపుతడు? చూసిననాడే ఎర్క."

"మరి ఓనరమ్మతోని తెల్వక పంపిండని చెప్పినవ్?"

"నా కొడుకే నన్ను ఎల్లగొట్టిండని చెప్పుకోవాల్నా?"

ఆయన మొహంలో నవ్వు పోయింది. అమ్మా అంటూ ఏదో చెప్పబోయాడు. ఆమె చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను పెరట్లోకి వెళ్లిపోయాను. ఆమెకూ నాకూ ఆ తర్వాతైనా పొసగిందని చెప్పను, పొసగలేదు. ఆ పూట అన్నం వండింది ఆమె, కూర వండింది నేను. ఆయనకు మాత్రం ఇద్దరిలో ఎవరమూ వడ్డించలేదు.