కవరు మీద నేను రాసిన పేరు

మా చిన్నప్పుడు... నాయినకు ఉత్తరం రాస్తే లోపల ఒక పేరు, కవరు మీద ఇంకో పేరు ఉండేది.

అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చెప్పేది. నేను నేల మీద బోర్లా పడుకుని రాసేవాణ్ణి. లోపల "నాయినకు దండాలు". కవరు మీద మాత్రం "పోశెట్టి", కింద తోట యజమాని పేరు, పోస్టుబాక్సు నంబరు, బురైదా, సౌదీ అరేబియా. ఎక్కాలు రాకపోయినా ఆ అడ్రసు నోటికి వచ్చేది నాకు.

పోశెట్టి మా వాడకట్టు మనిషే. పాస్‌పోర్టు, వీసా అన్నీ వచ్చాక కాలు విరిగి మంచాన పడ్డాడు. ఏజెంటు ఆ పాస్‌పోర్టులో నాయిన ఫోటో అంటించి విమానం ఎక్కించాడు. అప్పట్లో మా దిక్కున ఇదేం వింత కాదు... అట్లా పదకొండేళ్లు మా నాయిన పోశెట్టిగా ఖర్జూర చెట్లెక్కాడు. అసలు పోశెట్టి మా ఇంటి ముందు నుంచే కుంటుకుంటూ పోయేవాడు.

నేను అయిదో తరగతిలో ఉండగా నాయినమ్మ చచ్చిపోయింది. తోటలో ఫోను లేదు... ఉత్తరమే దిక్కు. అమ్మ ఏడుస్తూ చెప్పింది, నేను రాశాను. అంతవరకూ కవరు మీది ఇంగ్లీషు పాత కవరు చూసి దించేవాణ్ణి, అక్షరాలు అప్పుడే కొత్తగా వచ్చాయి. నాయిన పేరు సొంతంగా కూడబలుక్కుని కవరు మీద పెద్దగా రాసేశాను. అసలు పేరు! రాసి మురిసిపోయాను కూడా.

ఆ ఉత్తరం నాయినకు అందలేదు. నాలుగు నెలల తర్వాత పక్క ఊరి మనిషెవరో అక్కడ కనిపించి "మీ అమ్మ పోయిందట గదనే" అంటే తెలిసిందట.

సెలవు మీద వచ్చినప్పుడు తిడతాడని వడ్ల గుమ్మి వెనక దాక్కున్నాను. తిట్టలేదు. "నువ్వు రాసిందే నా పేరు బిడ్డా... ఆ పేరు మనిషి ఆడ లేడు, అంతే" అన్నాడు. ఆ మాట కంటే నాలుగు దెబ్బలు నయం.

నాయిన చనిపోయి ఆరేళ్లయింది. నేనూ బురైదాలోనే తేలాను, ఖర్జూరం ప్యాకింగ్ షెడ్లలో కరెంటు పని. కిందటి నెల మెషీన్లు బిగించడానికి ఇటలీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. టీ తాగుతూ ఫోన్లో ఏదో చూసి మురిసిపోతున్నాడు. వాళ్ల ముత్తాత ఓడెక్కి అర్జెంటీనా పోయిన కాగితమట. పేరు, ఊరు, వయసు, "వ్యవసాయ కూలీ" అన్న మాట... అన్నీ ఉన్నాయి. ఎప్పుడో వందేళ్ల కిందటివి!

"మీ వాళ్లెవరైనా దేశం దాటారా? పేరు కొట్టు, చూద్దాం" అన్నాడు.

ఏ పేరు కొట్టాలి? నాకు మండిపోయింది. వాడి మీద కాదు. వందేళ్ల కిందటి కూలీకి పేరుంది. ఈ ఊళ్లోనే పదకొండేళ్లు చేతులు గీరుకుపోయేలా పనిచేసిన మా నాయిన ఏ కాగితంలోనూ లేడు. పైగా ఏనాడూ దేశం దాటని పోశెట్టి ఉన్నాడు!

ఇంకో సంగతి. మా కంపెనీ సౌదీ సర్కారు నితాఖాత్ లెక్కలో ఎరుపులో పడింది... సౌదీ వాళ్లను చాలినంత మందిని పెట్టుకోలేదట. మా తలల మీద వేసిన లెవీ కట్టలేక, ముదీర్, అంటే మా మేనేజరు, మా అందరికీ ఖురూజ్ కొట్టించాడు. ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడమే. అమ్మ ఫోన్లో ఒక్కటే అడిగింది. "పోంగ పోంగ మీ నాయిన ఉన్న జాగనన్న చూసి రారా. మల్ల ఎవరు పోతరు ఆడికి?"

శుక్రవారం ఒక పాకిస్తానీ ట్యాక్సీవాలాకు ఆ పాత అడ్రసులోని యజమాని పేరు చెప్పాను. "ఆయన పోయాడు భాయ్, కొడుకున్నాడు, చలో" అని తీసుకుపోయాడు.

ఆ కొడుక్కి నాయిన ఫోటో చూపించాను. గుర్తుపట్టి "పోశెట్టీ!" అని నన్ను వాటేసుకున్నాడు. "పోశెట్టి కాదు" అని, నాయిన అసలు పేరు చెప్పాను. ఆ పేరు తనూ ఒకసారి పలికాడు. లోపలికి పోయి రేకు డబ్బా తెచ్చి వెతికి, ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. "అమానా" అన్నాడు.

"అమానతు, వాళ్ల అబ్బా దాచాడట. ఈ పేరుగలవాడు మా దగ్గర లేడు, కానీ ఎవడో ఒకడి సొత్తు, పారేయొద్దు అన్నాడట" అని డ్రైవర్ హిందీలో చెప్పాడు.

చింపని కవరు. వంకర టింకర అక్షరాలు... నావే.

గదికొచ్చి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను.

"ఇప్పకురా. అట్లనే తే... పాపం మన చేతులతోనన్న ఆ వార్త ఆయనకు అందకుండనే ఉండనియ్" అంది.

ఈ దేశంలో మా నాయిన అసలు పేరున్న కాగితం అదొక్కటే. ఇన్నేళ్లూ నేను తప్పు చేశానని కుమిలిపోయింది దాని గురించే.

ఇప్పుడు ఉత్తరాలు లేవు. నా పాస్‌పోర్టులో నా పేరే ఉంది, వేలిముద్రలూ నావే... అయినా ఖురూజ్ కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు ముదీర్ నన్ను పేరు పెట్టి పిలవలేదు. నంబరు చదివాడు.

అలసిపోయాను. ఎల్లుండి విమానం. ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇళ్లలోనూ వేరే వాళ్ల పేరు మీద గల్ఫు పోయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల అసలు పేర్లు ఈ పోస్టు కింద రాయండి... ఎక్కడో ఒకచోట ఉండనీయండి.

ముందు నేను రాస్తాను. మా నాయిన పేరు రాజం. బురైదాలో పదకొండేళ్లు.