జంపక్క తాగని నీళ్లు

జంపక్కకు దాహమంతా కలలోనే వేసేది. మెలకువగా ఉన్నంతసేపూ ఊరివాళ్ల తగాదాలతోనే సరిపోయేది, ఇక గొంతు ఎండిందో లేదో చూసుకునే తీరికెక్కడిది! కన్ను మూతపడిందంటే చాలు, తాలిపేరు వాగు నడిచొచ్చి గడపలో కూర్చునేది. ఆ వాగులోంచి కూతురు కళావతి చిన్నప్పటి రూపంలో పరికిణీ తడుపుకుంటూ వచ్చేది, చేతిలో నీళ్ల సొరబుర్రతో. "తాగవే అవ్వా" అనేది. జంపక్క నోరు తెరిచేసరికి బుర్రా ఉండేది కాదు, పిల్లా ఉండేది కాదు. లేచి చూస్తే కొండల మీద పొగమంచు, గాలినిండా ఇప్పపూల మత్తు వాసన. ఇది కలో, అది కలో తేల్చుకోవడానికి కాసేపు పట్టేది.

చర్ల దాటాక అడవిలోకి పోయే మట్టిదారి చివర ఉంటుంది ఆమె ఊరు. రెండువేల ఆరో సంవత్సరం, ఎండాకాలం మొదలు. అటు పోలీసు క్యాంపు, ఇటు అడవిలో నక్సలైట్లు. తగువు ఏ వైపు పట్టుకెళ్లినా, అక్కడికెందుకు వెళ్లావని రెండోవైపు అడిగే కాలమది. అందుకే అన్నదమ్ములు విడిపోయినా, పోడు చేను గట్టు జరిగినా, మొగుడూ పెళ్లాలు అలిగినా జంపక్కనే పిలిచేవారు. ఆమె అయ్య కూడా తగాదాలు తీర్చిన మనిషే. పంచాయితీ తెగేదాకా ఆ రెండిళ్లలో ఏ ఇంటా మంచినీళ్లు ముట్టొద్దని ఆయన నేర్పాడు. నీళ్లు తాగిన నోటికి ఆ ఇంటి మాటే తియ్యగుంటదనేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కదా, జంపక్క అసలు తినేదే కాదు, ఇక వాసాలను తీరిగ్గా లెక్కపెట్టుకునేది.

అంత మనిషికీ తగువు సొంత కడుపులోంచే వచ్చింది. కూతురు కళావతిని ఆ ఊళ్లోనే ఇచ్చారు. అల్లుడు కిందటి వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. దవాఖానాకు మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. వాళ్ల పోడు అంచున పెద్ద ఇప్పచెట్టొకటి ఉంది. మూడు నెలలు తిరక్కుండానే కళావతి మరిది బాలకృష్ణ వచ్చి, "చెట్టు మా అయ్యది వదినా. అన్న పోయిండు, ఇగ నాదే" అన్నాడు.

"మీ అన్న పోతే నేను గూడ పోయిన్నా ఏంది?" అంది కళావతి.

చంటిపిల్లతో ఒంటరిగా ఉన్నదానికి ఆ చెట్టే ఆధారం. ఎండబెట్టిన పువ్వు సంతలో అమ్ముకుంటే ఉప్పూ నూనే, దాచుకుంటే వానాకాలానికి తిండి. కానీ తగువులో ఉన్న చెట్టు కింద ఎవరూ పువ్వు ఏరకూడదు. అది అక్కడి కట్టుబాటు. దాంతో తెల్లారేసరికి నేలంతా పూలు పరుచుకునేవి, మధ్యాహ్నానికి వాడిపోయేవి, సాయంత్రానికి పులిసేవి. వదినా మరుదులు చెరోవైపు మూతి ముడుచుకుని కూర్చుంటే ఎలుగుబంట్లకు పండగే పండగ.

ఇక్కడే జంపక్క ఒక పొరపాటు చేసింది. జంపక్క తప్ప ఇంకెవరూ చేయరు అలాంటిది! ఎవరూ పిలవకముందే, అలవాటు కొద్దీ, తగువు మొదలైననాటినుంచీ కూతురింట్లో నీళ్లు ముట్టడం మానేసింది. కళావతి ఎప్పటిలాగే బుర్ర నిండా నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. జంపక్క చెయ్యి చాపబోయి ఆపుకుంది.

"వద్దు బిడ్డా. పంచాయితీ తెగనీ."

"నేను నీకు బిడ్డనా, ఫిర్యాదినా?" కళావతి ఆ నీళ్లు తీసుకెళ్లి చిక్కుడు పాదులో గుమ్మరించింది. మళ్లీ ఎప్పుడూ తాగమని అడగలేదు. కలలో మాత్రం అడుగుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే చర్ల చర్చి హాల్లో ఒక మీటింగు పెట్టారు. పెట్టింది పుష్పలత. ఖమ్మంలో ఖానాపురం హవేలినుంచి బస్సులు మారి మారి వచ్చే స్వచ్ఛంద సంస్థ మనిషి. గూడేల పెద్దలనూ, తండాల నాయక్‌లనూ, చర్చి సంఘ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి ఆమె అడిగింది ఒక్కటే. "డాక్టర్లందరికీ ఒక పద్ధతుంది, వకీళ్లందరికీ ఒక పద్ధతుంది. తగాదాలు తీర్చేవాళ్లకు తలా ఒక పద్ధతేంటి? మీరే మాట్లాడుకుని, అందరూ ఒప్పుకునే కట్టుబాట్లు పెట్టుకోండి."

మాట్లాడుకోవడమా! పొద్దున్నే మొదలైంది గోల. తండా నాయక్ ధన్‌సింగ్, రాజీ అయ్యాకే మందు ముట్టాలన్నాడు, ముందు ముడితే రాజీ ఎటో, మనుషులెటో. చర్చి పెద్ద సవరయ్య, ఒకరు చెప్పింది ఇంకొకరి చెవిన వేయొద్దన్నాడు. అందరూ తలలూపారు. జంపక్క తన నీళ్ల కట్టుబాటు చెప్పింది. అదీ బాగుందన్నారు. సవరయ్యకు మాత్రం గుండె జారింది.

"చాయ్ తాగొచ్చా జంపక్కా?"

"చాయ్‌ల నీళ్లుండయా సవరయ్యా?"

హాలంతా నవ్వు. సవరయ్య నిట్టూర్చి, అప్పుడే వచ్చిన గ్లాసును ఇదే ఆఖరన్నట్టు ప్రేమగా అందుకున్నాడు.

ఆ నవ్వు ఆగకముందే పుష్పలత ఇంకో మాట అంది. సొంతవాళ్ల తగాదాలో మధ్యవర్తి కూర్చోకూడదని. జంపక్కకు అది మరీ విడ్డూరంగా తోచింది. "మా ఊర్లె నాకు చుట్టం గానిది ఆ గుట్ట ఒక్కటే మేడమ్. గిట్లయితే గుట్టకే చెప్పుకోవాలె పంచాయితీ."

అది నిజమేనని ధన్‌సింగ్ కూడా అన్నాడు. తిప్పి తిప్పి చివరికి కడుపున పుట్టినవాళ్లు, తోడబుట్టినవాళ్లు అన్నచోట ఆగారు. వాళ్ల తగువొస్తే లేచి పక్క ఊరి మధ్యవర్తిని పిలవాలి. "ఒప్పుకుంటవా జంపక్కా?" అని సవరయ్య అడిగితే "అవ్" అంది.

తిరుగు ఆటోలో గుంతల కుదుపులకు కళ్లు మూతలుపడ్డాయి. ఎర్రటి దుమ్ములోంచి చెట్లు తేలుకుంటూ వచ్చి వెనక్కి పోతున్నాయి. ఒక చెట్టు మాత్రం పోవడం లేదు, ఆటో పక్కనే నడుస్తోంది, పూలు రాలుస్తూ. దాని వెనక కళావతి, చేతిలో ఖాళీ బుర్రతో.

చెట్టు కింద చాప పరిచిన రోజు ఊరంతా వచ్చింది. చర్లలో అనుకున్న ప్రకారం కబురు పంపితే ధన్‌సింగ్, సవరయ్య కూడా వచ్చారు. జంపక్క అలవాటు కొద్దీ వెళ్లి చాప మధ్యలో కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆమె కూర్చున్న చోటే కదా అది.

బాలకృష్ణ చేతులు కట్టుకుని వంగాడు. "అత్తా, నువ్వే చెప్పు. నీకు తన పర తేడా లేదు. నీ మాట దాటితే ఒట్టు."

ఊరంతా అవునవునంది. ఎంత గౌరవం! వినడానికి ఎంత బాగుంది! ఆ తియ్యదనం లోపలికి దిగుతుంటే జంపక్కకు తన నాలుక మీద తీర్పు తయారుగా ఉన్నట్టు తెలిసింది. దాన్ని అక్కడే ఆపుకుంది. కళావతి పిల్లను ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తోంది. పక్కనే పులిసిన పూల మీద ఈగలు ముసురుతున్నాయి.

జంపక్క మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "చర్లల ఒప్పుకున్న మాట ఉన్నది. నేను కూసోను. ధన్‌సింగన్న, సవరయ్య చెప్పింది వినుండ్రి."

బాలకృష్ణ ముఖం మాడిపోయింది. కళావతి తలెత్తి, "ఇప్పుడు గూడ వదిలేసి పోతున్నవా అవ్వా?" అని అరిచింది. జంపక్క ఆగలేదు. ఆగితే మళ్లీ కూర్చుంటానని భయమేసింది.

పోవడం కూతురింటికే పోయింది. వాకిట్లో గుంజకు ఆనుకుని కూలబడింది. దూరంగా మాటలు వినిపిస్తున్నాయి, అర్థం కావడం లేదు. ఇప్పవాసన ముసుగులా కప్పేసింది. మళ్లీ తాలిపేరు వచ్చింది, ఈసారి పాదాలదాకా. చల్లగా ఉంది. తాగుదామని వంగితే వాగు వెనక్కి జరుగుతోంది.

"అవ్వా, లే."

కళావతి నిలబడి ఉంది. ముఖమంతా చెమట. "తెగింది. పువ్వు నాకు, కాయ బాలకృష్ణకు. నేను ఊర్లె ఉన్నన్ని దినాలు తాను పువ్వు జోలికి రానని ఒప్పుకున్నడు. రేపటిసంది ఏరుకోమన్నరు."

పువ్వు రాలిపోయినా చెట్టుకు కాయ ఉంటుంది. కాయలోని పలుకునుంచి నూనె వస్తుంది. ఇంత తేలిక మాట తనకెందుకు తట్టలేదా అని జంపక్క ఆశ్చర్యపోయింది.

"నువ్వు కూసుంటే ఏం చెప్పేదానివి?" కళావతి గొంతులో కోపం ఇంకా ఉంది.

జంపక్క అబద్ధం చెప్పలేకపోయింది. "చెట్టంత వానికే ఇచ్చేదాన్ని."

"ఎందుకే?"

"జంపక్క బిడ్డ దిక్కు మాట్లాడిందని అంటరని. నా పేరు నిలబెట్టుకునేటందుకు నీ నోటికాడి కూడు తీసేదాన్ని, బిడ్డా. అందుకే లేచిన."

కళావతి గిర్రున తిరిగి లోపలికి పోయింది. అయిపోయింది, ఇక ఈ గడప తొక్కనివ్వదు అనుకుని జంపక్క లేవబోయింది. లోపల కుండ మీది మూత చప్పుడైంది.

"తాగవే అవ్వా."

సొరబుర్ర, అంచుదాకా నీళ్లు. జంపక్క ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంది, ఇప్పుడు మాయమైపోతుందని. కాలేదు. రెండు చేతులా పట్టుకుని తాగింది, గొంతు మీదినుంచి రవికెలోకి కారిపోతున్నా ఆపకుండా తాగింది. తాగి, ఖాళీ బుర్రను కూతురికి చాపింది.

"ఇంకింత పొయ్యి బిడ్డా."