వాల్వు లేని ఉబ్బు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాడు. ట్యూబును తొట్టిలో ముంచక్కర్లేకుండానే, చెవి దగ్గర పెట్టుకుని చిల్లి ఎక్కడుందో చెప్పేస్తాడు. ట్యూబు ఒకచోట ఉబ్బిందంటే మాత్రం ఆయన చేయి ముందు వాల్వు మీదికి పోతుంది. గాలి తీయాలి, లేకపోతే పేలుతుంది.

అలాంటి మనిషి భార్య తలమీది చర్మం కింద డాక్టరు ఉబ్బే వస్తువు పెట్టింది.

పదకొండేళ్ల కిందట మరిగే నీళ్లు పడి పిన్ని తలమీద మూడు వేళ్ల వెడల్పున జుట్టు రాకుండా పోయింది. అప్పటినుంచి ఆమె స్కార్ఫ్ లేకుండా గుమ్మం దాటలేదు. ఆ మచ్చ పక్కన, మంచి చర్మం కింద ఇప్పుడు హైడ్రోజెల్ బిళ్ల ఉంది. ఒంట్లోని తడిని పీల్చుకుని అది మెల్లగా ఉబ్బుతుంది. పైనున్న చర్మం జుట్టుతో సహా సాగుతుంది. తర్వాత మచ్చ తీసేసి, సాగిన చర్మాన్ని అక్కడికి లాగి కుడతారు.

"గాలి ఎటునుంచి కొడతారమ్మా?" అని డాక్టరును అడిగాడు బాబాయి.

"కొట్టక్కర్లేదు. దానంతటదే ఉబ్బుతుంది."

"మరి ఎక్కువైతే తీయడానికి వాల్వు?"

"ఉండదు" అంది డాక్టరు. "చర్మం చిట్లితే బిళ్ల తీసేయాల్సిందే. కొన్ని నెలలు ఆగి, మళ్లీ మొదటినుంచి."

ఆ మాట బాబాయిని పట్టుకుంది. నర్సు నేర్పినట్టు రోజూ రెండు పూటలా చేతులు కడుక్కుని, ఉబ్బుమీద మెల్లగా నొక్కి వదిలేవాడు. పాలిపోయిన చోట వెంటనే రంగు తిరిగి రావాలి. రాకపోయినా, నల్లబడినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

"ఏమండీ, అది నా తల. లారీ టైరు కాదు."

"టైరైతే ఇంత భయమెందుకు? కొత్తది మారుస్తాను."

"విన్నావా అమ్మాయ్? మీ బాబాయికి నన్ను మార్చే ఉద్దేశం ఇంకా లేదట" అని పిన్ని నావైపు తిరిగి నవ్వింది.

ఆరో వారానికి ఉబ్బు సగం కమలాపండు బోర్లించినట్టయింది. చర్మం పలచబడి మెరుస్తోంది. ఒక మధ్యాహ్నం బాబాయి పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి నొక్కి చూశాడు. ఒకటి. రెండు. మూడు. వేలు పెట్టినంత మేరా నల్లగానే ఉండిపోయింది.

"ఏమైందండీ?"

ఆయన నావైపు తిరిగాడు. "అమ్మాయ్, ఆటో" అన్నాడు.

ఆటో గుంతలో పడినప్పుడల్లా బాబాయి పిన్ని తల పట్టుకోబోయి చేతులు వెనక్కి తీసుకుంటున్నాడు. పిన్ని స్కార్ఫ్ అంచు వేళ్లకు చుట్టుకుంటూ, "మళ్లీ మొదటినుంచంటే నావల్ల కాదు" అంది, ఒక్కసారే.

ఆసుపత్రిలో నర్సు ఆ నలుపును తడి దూదితో తుడిచింది. దూది నల్లబడింది. కింద చర్మం మామూలుగానే ఉంది. ఆమె పిన్ని తల వదిలి బాబాయి బొటనవేలు పట్టుకుంది. పగుళ్లలో ట్యూబు గీకిన నల్లపొడి.

"చేతులు కడగలేదా?"

"కడిగానమ్మా, సబ్బుతోనే."

పిన్నికి నవ్వు తన్నుకొచ్చింది. కానీ నర్సు నవ్వలేదు. ఉబ్బు అంచున ఎర్రగా ఉన్న చోట తన వేలితో నొక్కి, కాసేపు చూసి, డాక్టరును పిలిచింది.

"సరిపడా సాగింది" అంది డాక్టరు కొలిచి. "ఇంక ఆగితే చిట్లుతుంది. వచ్చే వారం చూపించుకునే రోజు దాకా ఆగకుండా వచ్చి మంచిపని చేశారు. ఎల్లుండే ఆపరేషన్."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "ఎల్లుండి దాకా నొక్కి చూడాలా?"

"చూడాలి" అంది నర్సు. "చిటికెన వేలితో."

ఇంటికి రాగానే ఆయన కుళాయి దగ్గర కూర్చుని చిటికెన వేలు బ్రష్షుతో తోమడం మొదలుపెట్టాడు.

"చాలండీ, అరిగిపోతుంది" అంది పిన్ని లోపలినుంచి.

ఆయన ఆపలేదు.